రేటు, వాన, నోటిఫికేషన్ మన చేతిలో లేనప్పుడు ఏడాదిని మన చేతిలోకి తెచ్చుకోవడం ఎలా?

"ఏం ప్లాన్ చేసుకోమంటారు? రొయ్య రేటు ఎప్పుడు పడిపోతుందో తెలియదు, వాన ఎప్పుడు కొడుతుందో తెలియదు." నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. డీఎస్సీ టీచరు పోస్టులకు చదివే పిల్లలు, చీమకుర్తి క్వారీల్లో ఆర్డర్లను బట్టి పని దొరికేవాళ్లు కూడా మాటలు మార్చి ఇదే అడుగుతున్నారు.

ఏం జరుగుతుందో చెప్పడం ఎవరి వల్లా కాదు. జరిగినప్పుడు మనం ఏం చేస్తామో మాత్రం ముందే రాసి పెట్టుకోవచ్చు. కష్టం మీద పడ్డ రోజున, పదిమంది చుట్టూ చేరి తలా ఒక మాట చెబుతుంటే తీసుకునే నిర్ణయం చాలాసార్లు ఖరీదైనదే అవుతుంది. అదే నిర్ణయం నాలుగు నెలల ముందు తీరిగ్గా కూర్చుని తీసుకుంటే సగం టెన్షన్ అక్కడే పోతుంది. ఆ పని ఎట్లా చేయాలో కింద వరసగా చెబుతున్నాను. వరస తప్పించొద్దు. రెండో మెట్టులోని లెక్క లేకుండా నాలుగో మెట్టు రాస్తే అది ఉత్త కోరికల చిట్టా అవుతుంది.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- 200 పేజీల గీతల నోట్‌బుక్ ఒకటి. ఫోన్‌లో యాప్ వద్దు. ఇంట్లో అందరూ తెరిచి చూడగలిగేది కావాలి.
- గడిచిన ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్, లేదా ఎంట్రీలు వేయించిన పాస్‌బుక్.
- ఎవరికెంత బాకీ, ఏ వడ్డీకి అన్న వివరం. నోటు రాసినవీ, నోటిమాట మీద తెచ్చినవీ రెండూ.
- పంట లెక్క: కౌలు, విత్తనం లేదా సీడ్ (రొయ్య పిల్లలు), ఫీడు, ఎరువులు, కూలి, డీజిల్, కరెంటు.
- ఇంట్లో డబ్బు ఖర్చుపెట్టే రెండో మనిషి. భార్య, భర్త, తల్లి, ఎవరైనా సరే. ఒక్కరే కూర్చుని రాసిన పుస్తకం రెండు వారాలు దాటి నిలవదు.

ఎప్పుడు కూర్చోవాలన్నది కూడా ముఖ్యమే. డబ్బు చేతికొచ్చిన రోజు వద్దు, నష్టం తెలిసిన రోజు అసలే వద్దు. రొయ్యల వాళ్లయితే పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయిపోయి గుంట ఎండబెట్టిన వారం. పొగాకు వాళ్లు వేలం డబ్బు ఖాతాలో పడ్డాక, కొత్త కౌలు మాట్లాడుకోకముందు. వరి రైతులు పెద్ద పంట ధాన్యం అమ్ముకుని, ఎడగారు (రెండో పంట) వేయాలా వద్దా అని ఆలోచించే రోజుల్లో. నెలజీతం వాళ్లకు ఏ ఆదివారమైనా ఒకటే.

## 1. చేతిలో ఉన్నదీ లేనిదీ విడదీయండి

ఒక పేజీని నిలువునా రెండుగా గీయండి. ఎడమ పక్క "నా చేతిలో లేనివి", కుడి పక్క "నా చేతిలో ఉన్నవి". ముందు ఎడమ పక్కనే నింపండి. ఎలాగూ మనసులో తిరిగేవి అవే.

నాలుగు గుంటల్లో వనామీ రొయ్య వేసే ఇంటి పేజీ ఎట్లా ఉంటుందో చూద్దాం. ఎడమ పక్క: అమెరికా సుంకం, కౌంట్ రేటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి ఇచ్చే ధర), తెల్లమచ్చ జబ్బు, తుఫాను. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాల ప్రకటన రాగానే ఇక్కడ కొనేవాళ్లు రేట్లు తగ్గించేశారు. ఆగస్టు చివరికి మన సరుకు మీద సుంకం 50 శాతానికి చేరింది. గుంట గట్టు మీద నిలబడ్డ రైతు అందులో మార్చగలిగింది ఏమీ లేదు.

కుడి పక్క: నాలుగు గుంటలూ వేయాలా, రెండే వేయాలా. ఎకరాకు సీడ్ ఎంత వదలాలి. ఫీడు రొక్కానికా, అప్పుకా. ఏ కౌంట్ దగ్గర పట్టుబడి చేయాలి. పక్క గుంటలో జబ్బు వచ్చిందని తెలిస్తే నీళ్ల మార్పిడి ఆపాలా వద్దా. చూశారుగా, కుడి పక్క జాబితా ఎడమ పక్క దానికంటే పొడుగ్గా తేలింది. నిజాయతీగా రాసిన పేజీల్లో చాలావరకు ఇలాగే తేలుతుంది.

చేసే పొరపాటు: "దళారి మోసం", "ప్రభుత్వం పట్టించుకోదు" అని రాసి ఊరుకోవడం. సరిచేసుకునే తీరు: ఎడమ పక్క రాసిన ప్రతిదానికీ ఎదురుగా కుడి పక్క ఒక్క పని రాయండి. దళారి మోసం అని రాస్తే ఎదురుగా "కాటా వేసేటప్పుడు నేను ఉంటాను, ఇద్దరి దగ్గర రేటు అడుగుతాను" అని రాయాలి. రాయడానికి ఏమీ దొరక్కపోతే ఆ విషయం మీద దిగులుపడే హక్కు వారానికి పది నిమిషాలే అనుకోండి.

## 2. పొయ్యి ఖర్చు తేల్చండి

ఈ మెట్టు దగ్గర ఎక్కువమంది జారిపోతారు. కాస్త ఓపిక పట్టండి.

పొయ్యి ఖర్చు అంటే పంట ఉన్నా లేకపోయినా, ఉద్యోగం ఉన్నా ఊడినా ఇల్లు నడవడానికి నెలకు కావాల్సిన డబ్బు. బియ్యం, పాలు, గ్యాస్, కరెంటు, మందులు, ఫోన్ రీఛార్జి, అద్దె, బడి బస్సు. పెళ్లిళ్ల చదివింపులు, పండగ బట్టలు, స్కూలు ఫీజు ఇందులోకి రావు. వాటిని ఏడాది ఖర్చుగా విడిగా రాయాలి.

మన దగ్గర చాలా ఇళ్లకు డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లే వస్తుంది, ఖర్చు మాత్రం రోజూ ఉంటుంది. వచ్చినప్పుడు చేయి జారుతుంది, ఆరు నెలలకు మళ్లీ వడ్డీకి వెళ్తారు. దీనికి మందు ఒకటే. వచ్చిన మొత్తాన్ని మీకు మీరే నెలజీతంగా మార్చుకోండి.

టంగుటూరు దగ్గర పొగాకు వేసే ఇంటికి అన్ని వేలాలూ ముగిసి, బ్యాంకు అప్పూ కూలీ పోను 3,80,000 రూపాయలు మిగిలాయనుకుందాం.

- పొయ్యి ఖర్చు నెలకు 18,000, ఏడాదికి 2,16,000
- పిల్లల ఫీజులు 45,000
- చదివింపులు, పండగలు 15,000
- మొత్తం 2,76,000
- మిగులు 1,04,000

ఈ ఇల్లు కొత్త సాగులో సొంతంగా పణం పెట్టగలిగేది ఆ 1,04,000 మాత్రమే. చేతిలో 3,80,000 కనబడుతున్నాయని ఇంకో నాలుగెకరాలు కౌలుకు తీసుకుంటే అది పిల్లల ఫీజుతో ఆడే జూదమే. 2025లో నల్లబర్లీ పొగాకు కొనే నాథుడు లేక, చివరికి ప్రభుత్వమే తన సహకార సంస్థ అయిన మార్క్‌ఫెడ్‌తో కొనిపించాల్సి వచ్చింది. అంతకుముందు బాగా పలికిందని విస్తీర్ణం పెంచినవాళ్లకే దెబ్బ గట్టిగా తగిలింది.

ఇప్పుడు బ్యాంకులో పని. పొయ్యి ఖర్చు ఏడాదిదంతా వేరే ఖాతాలో వేసి, ప్రతినెలా 1న 18,000 ఇల్లు నడిపే మనిషి ఖాతాకు వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి. ఆ రెండో ఖాతాకే ఏటీఎం కార్డు, ఫోన్‌పే ఉండాలి. మొదటిదానికి ఉండకూడదు.

అప్పులున్న ఇళ్లలో ఇంకో లెక్క ఉంది. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. మూడు లక్షలకు నెలకు 6,000, ఏడాదికి 72,000. "రెండు రూపాయలే కదా" అనే మాటకు ఇంట్లో అందరూ అలవాటు పడిపోయారు కాబట్టి, పుస్తకంలో 72,000 అనే రాయండి. బీరువాలో నగలుండగా ఈ వడ్డీ కట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చాలా బ్యాంకుల్లో బంగారం మీద అప్పుకు వడ్డీ ఇందులో సగం కూడా ఉండదు. నగ తాకట్టు పెట్టి ఆ నోటు తీర్చేయడం పరువు తక్కువ పనేమీ కాదు.

సరిచూసుకోండి

- పొయ్యి ఖర్చు అంకె మీరూ, ఇల్లు నడిపే మనిషీ విడివిడిగా రాసి పోల్చారా? తేడా వస్తే ఎక్కువ అంకె తీసుకోండి.
- ఎన్ని నెలల పొయ్యి ఖర్చు చేతిలో ఉంది? మూడు నెలల కంటే తక్కువైతే కొత్త పెట్టుబడి ఏదీ వద్దు.
- ఇంకా పాడని చీటీని చేతిలో డబ్బుగా లెక్కేశారా? కొట్టేయండి.

## 3. ఒక్క రొట్టె పట్టుకోండి

మొహర్రం నెలలో రొట్టెల పండగకు నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగినవాళ్లకు తెలుసు. అక్కడ ఉత్త రొట్టె ఉండదు. ఉద్యోగ రొట్టె, ఇంటి రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్య రొట్టె అని పేరుంటుంది. ఏ కోరికో చెప్పి పట్టుకోవాలి, తీరాక మరుసటేడు వచ్చి అదే పేరు రొట్టె ఇంకొకరికి ఇవ్వాలి. చెరువులో ఎన్ని రొట్టెలైనా పట్టుకోవచ్చు గానీ ఈ పుస్తకంలో ఏడాదికి ఒక్కటే.

ఆ ఒక్కటి ఎంచుకోవడానికి వరసగా ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

1. ఇది తీరకపోతే మిగతావి తీరినా ప్రయోజనం ఉండదు అనిపించేది ఏది? (అప్పు, ఆరోగ్యం చాలాసార్లు ఇక్కడ తేలతాయి.)
2. ఇది నా కోరికేనా, ఎదురింటివాళ్లు ఇల్లు కట్టారని పుట్టిందా?
3. పన్నెండు నెలల్లో అయిందో కాలేదో తేల్చి చెప్పగలనా?

"సుఖంగా ఉండాలి" అని రాయొద్దు. "వచ్చే ఉగాదికి రెండు రూపాయల వడ్డీ నోట్లు ఒక్కటీ ఉండకూడదు" అని రాయండి. "పాపను బాగా చదివించాలి" అంటే ఎట్టా? "పాప ఇంటర్ ఫీజు జూన్ నాటికి పక్కన ఉండాలి" అంటే లెక్క తెలుస్తుంది.

## 4. "ఇట్టా అయితే అట్టా" రాసుకోండి

అసలు పని ఇక్కడుంది. ఎడమ పక్క రాసిన ప్రతి పెద్ద భయానికీ ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యంలో తేదీ గానీ అంకె గానీ ఉండాలి, చేసే పని ఉండాలి, చేయని పని కూడా ఉండాలి. చేయని పనిని రాయకుండా వదిలేస్తే ఆపద రోజున కాళ్లు అటే వెళ్తాయి.

రొయ్యల ఇల్లు. ముందు కిలోకు సొంత ఖర్చు తేల్చుకోవాలి. 230 రూపాయలు పడుతోందనుకుందాం. వాక్యం: "సీడ్ తెచ్చే రోజుకు 100 కౌంట్ రేటు 230 దాటకపోతే రెండు గుంటలే వేస్తాం; మిగతా రెండూ ఎండబెడతాం; ఫీడు అప్పుకు తేము." సీడ్ నాటి రేటు పట్టుబడి నాటికి ఉండదు కదా అంటారు. నిజమే. ఈ వాక్యం రేటు ఎంత వస్తుందో చెప్పడానికి రాసింది కాదు. రేటు తేడా కొట్టినా ఇల్లు నిలబడేంత మేరకే దిగడానికి రాసింది. రెండో వాక్యం: "తెల్లమచ్చ ఖాయమైతే కౌంట్ చూడం, వెంటనే పట్టుబడి. ఇంకో వారం చూద్దాం అనం."

డీఎస్సీ ఇల్లు. 2018 డీఎస్సీ తర్వాత 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చి రద్దయింది. తర్వాత 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. మధ్యలో గడిచిన ఏళ్లలో కొందరి పాతికేళ్ల వయసు ముప్పై దాటింది. కోచింగ్ సెంటర్ల చుట్టూ గదులు అద్దెకు తీసుకుని "వస్తుంది, వస్తుంది" అని కూర్చోవడానికి ఒక హద్దు కావాలి.

వాక్యం: "ఫలానా నెలాఖరు దాకా రోజుకు ఆరు గంటలు చదువుతాను, సాయంత్రం ట్యూషన్లతో నెలకు 8,000 తెస్తాను. ఆ తేదీకి నోటిఫికేషన్ రాకపోతే ప్రైవేటు బడిలో చేరతాను, చదువు రోజుకు రెండు గంటలకు తగ్గిస్తాను. ఇంటి నుంచి ఇంకో ఏడాది ఖర్చు అడగను." చదువు మానేయమని నేను చెప్పడం లేదు. తేదీ లేని ఎదురుచూపు మాత్రం మానేయాలి. ఆ తేదీ ఏదో అమ్మానాన్నలకు కూడా తెలిసుండాలి.

రోజుకూలీ, క్వారీ, డ్రైవర్ ఇల్లు. "వరసగా రెండు వారాలు పని నాలుగు రోజులకు పడిపోతే, మూడో వారమే ఇంకో మేస్త్రీని అడుగుతాను, బంకులో, గోడౌన్‌లో ఏ పనైనా చేస్తాను, చేతి అప్పు చేయను." ఇక్కడ కీలకం "మూడో వారమే" అన్న మాట. చాలామంది రెండో నెల దాకా ఆగుతారు, అప్పటికి అప్పు మొదలై ఉంటుంది.

వరి ఇల్లు. "కాలవ నీళ్ల సంగతి అధికారికంగా తేలకపోతే ఎడగారు వేయం." ఈ ఒక్క వాక్యం చాలు. సోమశిల జలాశయంలో నీళ్లున్నాయని టీ కొట్టు దగ్గర విన్న మాట లెక్కలోకి రాదు.

చేసే పొరపాటు: "పరిస్థితిని బట్టి చూద్దాంలే." సరిచేసుకునే తీరు: అదే వాక్యాన్ని పక్కింటివాడికి చదివి వినిపించండి. "ఎప్పుడు? ఎంతకి?" అని వాడు అడిగితే మీ వాక్యం ఇంకా పూర్తి కాలేదన్నమాట.

ఐదు వాక్యాలకు మించి రాయొద్దు. కింద ఇద్దరూ సంతకం పెట్టండి. సంతకం తర్వాత మార్చాలంటే ఒక రాత్రి నిద్రపోయి, మరునాడు ఇద్దరూ కలిసే మార్చాలి.

## 5. బంధువులకు చెప్పాల్సిన మాట ముందే తయారు పెట్టుకోండి

రాసిన వాక్యాన్ని రేటు, వాన కంటే ముందు చెరిపేసేది మొహమాటం. పూచీ సంతకం, చేబదులు, "నువ్వు కూడా ఒక చీటీ వెయ్", "ఈ ప్లాట్‌లో పది అంకణాలు నీకు ఆపాను". అప్పటికప్పుడు కాదనడం కష్టం కాబట్టి మాట ముందే నోటికి రావాలి.

"ఒక్క సంతకమే కదా బావా, నేను కట్టుకుంటాలే."

"మీరు కట్టరని కాదు బావా. ఈ ఏడు ఎవరికీ పూచీ పెట్టకూడదని నేనూ మీ చెల్లెలూ పుస్తకంలో రాసుకున్నాం. కావాలంటే మీరే చూడండి. అవసరం పెద్దదైతే 5,000 ఇస్తాను, తిరిగి ఇవ్వక్కర్లేదు."

పుస్తకం పేరు చెప్పడంతో కాదన్నది మనిషిని కాదని అవతలివాళ్లకు అర్థమవుతుంది. ఇవ్వదలచుకున్నది తిరిగి రాకపోయినా పొయ్యి ఖర్చును ముట్టనంత చిన్న మొత్తమై ఉండాలి. బావగారు రెండు నెలలు మాట్లాడకపోవచ్చు. సంక్రాంతికి మాట్లాడతారు.

## 6. సెప్టెంబరు 30 లోపు కాగితాల పని

మన తీరానికి ముప్పు కాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైల్వే కట్టే తెగింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబరు చివర మొంథా తుఫాను వానలు రెండు జిల్లాలనూ ముంచాయి. తేదీలు చూస్తే గడువు ఎందుకు సెప్టెంబరో తెలుస్తుంది.

- ఆధార్, పాస్‌బుక్, పట్టాదారు పుస్తకం, దస్తావేజులు, పిల్లల మార్కుల జాబితాలు జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో. నకళ్లు ఇంకో ఇంట్లో.
- అన్నిటికీ ఫోటోలు తీసి ఇద్దరి ఫోన్లలో.
- వేసిన పంట ఈ-క్రాప్‌లో నమోదైందో లేదో రైతు సేవా కేంద్రంలో చూసుకోవడం. కౌలు రైతులకు ఇది మరీ ముఖ్యం.
- గుంట, పొలం, ఇల్లు ఇప్పుడున్న స్థితిలో ఫోటోలు. నష్టం అంచనాకు వచ్చినవాళ్లకు చూపించడానికి పనికొస్తాయి.
- ప్రధానమంత్రి జీవన్ జ్యోతి (ఏడాదికి 436), సురక్ష బీమా (ఏడాదికి 20) నడుస్తున్నాయా? రెండూ మే నెలాఖరులో ఖాతా నుంచి కట్ అవుతాయి. అప్పుడు ఖాతాలో 456 లేక ఆగిపోయినవి ఎన్నో. మొదటిది ఏ కారణంగా చనిపోయినా, రెండోది ప్రమాదంలో చనిపోతే, ఇంటికి రెండేసి లక్షలు ఇస్తాయి.
- నామినీ పేరు సరిగ్గా ఉందా? పెళ్లికి ముందు తెరిచిన ఖాతాల్లో ఇంకా అమ్మ పేరే ఉంటుంది.

కనిగిరి, మార్కాపురం వైపు వాళ్లకు తుఫాను కంటే ఎండ బెడద ఎక్కువ. మీరు ఇదే జాబితాకు బోరు, పశుగ్రాసం లెక్క జోడించుకోండి. ఎండిన బోరు పక్కన ఇంకో బోరు వేయడానికి ఎంతవరకు ఖర్చుపెడతారో, ఎన్నో బోరు దగ్గర ఆగుతారో నాలుగో మెట్టులో తప్పకుండా రాయండి. ఆ వైపు ఇళ్లు ఎక్కువగా గుల్లయ్యేది అక్కడే.

## 7. వారానికి ఒక అరగంట

ఆదివారం అన్నం తిన్నాక, టీవీ ఆపేసి. పొయ్యి ఖర్చు హద్దులో ఉందా, ఐదు వాక్యాల్లో దేనికైనా వేళయిందా, వచ్చే వారం రొట్టె కోసం చేసే ఒక్క పని ఏంటి. అంతే. ఒక వారం తప్పితే రెండు వారాలది కలిపి రాయక్కర్లేదు, ఈ వారం నుంచి మొదలుపెట్టండి.

## 8. అన్నీ తప్పిపోతే

అన్నీ సరిగ్గా చేసినా ఏడాది దెబ్బతినొచ్చు. అప్పుడు మొదటి మూడు రోజులు చేయాల్సినవి, చేయకూడనివి:

1. కొత్త అప్పు, భూమి అమ్మకం, ఊరు వదలడం, ఈ మూడింటి మీద మూడు రోజుల్లో ఏ నిర్ణయమూ వద్దు.
2. పొయ్యి ఖర్చు ఖాతా చూసి ఎన్ని నెలలుందో ఇంట్లో అందరికీ చెప్పండి. తెలియని భయం కంటే తెలిసిన అంకె నయం, అది రెండే అయినా.
3. అప్పిచ్చినవాళ్లు మన ఇంటికి రాకముందే మనమే వెళ్లి కలవాలి. "ఇంత పోయింది, ఫలానా తేదీకి ఇంత ఇవ్వగలను" అని చెప్పండి. బ్యాంకయితే రీషెడ్యూల్ చేయమని రాతపూర్వకంగా అడిగి, నకలు మీద ముద్ర వేయించుకోండి.
4. నిద్ర పట్టక, బతకాలనిపించనంత దిగులు ఉంటే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలి మానస్ లైను. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో మనిషి మాట తగ్గించేసి, లెక్కలన్నీ అప్పజెప్పేస్తుంటే మీరే దగ్గర కూర్చుని ఆ ఫోన్ చేయించండి.

## 9. ఎక్కువగా అడిగే ఒక చిక్కు

"డబ్బంతా నాయన చేతిలోనే ఉంటుంది, పుస్తకం అంటే కోప్పడతాడు. నేనేం చేయను?"

నాయన లెక్క అడగొద్దు. మీ సంపాదన, మీ ఖర్చు, మీ పేరు మీదున్న అప్పు, వీటితోనే చిన్న పుస్తకం మొదలుపెట్టండి. ఇంటి ఖర్చుల్లో ఏదో ఒకటి, కరెంటు బిల్లో పిల్లల ఫీజో, పూర్తిగా మీ నెత్తిన వేసుకుని ఏడాది పాటు ఒక్క నెలా ఆలస్యం కాకుండా కట్టండి. ఆ తర్వాత ఆరో మెట్టులోని కాగితాల పని "నాయనా, నీ నామినీ ఎవరున్నారో చూద్దాం రా" అంటూ ఎత్తండి. పెద్దవాళ్లు ఖర్చు లెక్కకు కోప్పడినంతగా కాగితాల లెక్కకు కోప్పడరు. ఆ కవరు సర్దే రోజున ఎవరికెంత బాకీ ఉందో సగం దానంతట అదే బయటికొస్తుంది. మిగతా సగం అమ్మకు తెలుసు.